బాంబు తీయని కన్ను

పాథాలజీ చదువు ముగించుకుని కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, గోడ మీద పటాలు చూస్తారు, ఆ తర్వాత గొంతు సవరించుకుని "మేడం, మాకేమైనా సలహా చెప్పండి" అంటారు. సలహా అనే మాట వింటేనే నాకు నిద్ర వస్తుంది. ఎన్ని ప్రమోషన్లు వచ్చాయి, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అని చెప్పుకునే రిటైరైన పెద్దమనుషులు మా వీధిలోనే కావలసినంత మంది ఉన్నారు. నేను చేసిన పని అసలు ఏమిటో మాత్రం చెబుతాను.

జమ్మలమడుగులో చర్చి నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎవరైనా "మీ పాప ఏం డాక్టరు?" అని అడిగితే మా అమ్మ, "డాక్టరే గానీ మనుషుల్ని చూడదు, ముక్కల్ని చూస్తాది" అని చెప్పేది. విన్నవాళ్లు ఇంకేమీ అడక్కుండా జాలిగా తల ఊపి వెళ్లిపోయేవారు. ఆమె చెప్పింది నిజమే. సర్జన్లు కోసి తీసిన గడ్డ ఏదైనా మందునీళ్ల సీసాలో నా బల్ల మీదికి వచ్చేది. దాన్ని పల్చగా కోయించి, రంగు వేయించి, మైక్రోస్కోపు కింద పెట్టి, మంచి గడ్డా చెడ్డ గడ్డా తేల్చడం నా పని. రోగి ఎక్కడో మంచం మీద నా మాట కోసం ఎదురుచూస్తుంటాడు. నేనతని ముఖం కూడా చూడను. ముఖం చూడనక్కర లేకపోవడమే మన వృత్తిలో సుఖమని చాలామంది అనుకుంటారు. అది సుఖం కాదు, బద్ధకం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆగమనే మాట

తల్లి కడుపులో మనందరం ఒకే ఒక కణంగా మొదలవుతాం. అది రెండవుతుంది, నాలుగవుతుంది, అలా పెరుగుతూ పోతుంది. మొదట్లో ఉండే కణాలకు ఏమైనా కాగల సత్తా ఉంటుంది. వాటిని మూలకణాలు అంటాం. అవి ఎముక కావచ్చు, చర్మం కావచ్చు, మెదడు కావచ్చు. ఎప్పుడు పెరగాలి, ఏమి కావాలి, ఎక్కడ ఆగాలి అని చెప్పే జన్యువులు ప్రతి కణంలోనూ ఉంటాయి. పెరగమని చెప్పేవి కొన్ని, ఆగమని చెప్పేవి కొన్ని. పుస్తకాలు పెరగడం గురించే మురిసిపోతాయి. నేను చూసినంతలో ఒళ్లు నిలబడేది ఆగమని చెప్పే వాటి వల్లే. మెదడు సంగతే చూడండి. లెక్కలేనన్ని కణాలు గబగబా పుట్టి, సరైన వేళకు పుట్టడం మానేసి, దేని చోటికి అది వెళ్లి కుదురుగా కూర్చుంటేనే అది మెదడవుతుంది. కూర్చోమంటే కూర్చోనివి, ఆగమంటే ఆగనివి చివరికి నా సీసాలోకి వస్తాయి.

మా ప్రాంతంలో ఈ సంగతి జనానికి చెప్పి ఒప్పించడం అంత సులువు కాదు. నేను పనిచేసిన రోజుల్లో పల్లెలన్నీ రెండు పార్టీలుగా ఉండేవి. ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వచ్చినా అది ఏ పార్టీ పనో ముందు తేల్చి, ఆ తర్వాతే మాత్ర మింగేవాళ్లు.

ఒకసారి జమ్మలమడుగు వైపు నుంచి ఒకావిడ అండాశయంలోంచి తీసిన గడ్డ నా దగ్గరికి వచ్చింది. కోసి చూస్తే లోపల వెంట్రుకలు, పళ్లు, కాస్త ఎముక. అండం కావలసిన కణం ఒకటి వేళ కాని వేళ బయలుదేరి, బిడ్డను చేస్తున్నాననుకుని, చేతికొచ్చిందల్లా చేసిపెట్టింది. సాధారణంగా ఇలాంటివి ప్రమాదం లేని గడ్డలే, తీసేస్తే చాలు. అయితే ఆమె మరిది మీసం దువ్వుకుంటూ నా గుమ్మంలో నిలబడ్డాడు. వెనక ఇంకొందరు ఉన్నారు.

"పండ్లుండాయంట, ఎంట్రుకలుండాయంట. చేతబడి ఎవురు చేసినారో చెప్పు మేడం. మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

నేను ఏ పేరు చెప్పినా సాయంత్రానికి ఆ పేరున్న మనిషి ఇంటి మీద బాంబులు పడేవి.

"చేసింది మీ వదిన సొంత కణమేనప్పా. దానికి ఆగమని చెప్పేది సరిగ్గా చెప్పలేదు, అంతే. ఏ పార్టీకీ సంబంధం లేదు" అన్నాను.

"ఏ పార్టీకీ?"

"ఏ పార్టీకీ."

ఏదో పోగొట్టుకున్నవాడిలా వెళ్లిపోయాడు. తర్వాత స్లయిడ్ చూస్తే ఆ గడ్డలో కాస్త మెదడు కణజాలం కూడా కనిపించింది. నా ల్యాబు ఉన్నది ప్రొద్దుటూరులోనే ఒక నర్సింగ్ హోం వెనక గదిలో. దాని యజమాని రంగనాథం గారు కంటి డాక్టరు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. ఆయన నా మైక్రోస్కోపులోకి తొంగి చూసి, "మన నాయకులకు తలకాయలో లేనిది ఈవిడకు కడుపులో ఉందన్నమాట" అన్నారు.

పిల్లలూ, ఇక్కడొకటి గుర్తుపెట్టుకోండి. గడ్డ పేరు రాసిచ్చి ఊరుకోకండి. ఇది ఎవరూ చేసింది కాదు అనే మాట నోటితో, గట్టిగా, గుమ్మంలో ఉన్న మీసాలన్నిటికీ వినపడేలా చెప్పండి.

సీసాలో వచ్చిన కన్ను

రంగనాథం గారిది బంగారం లాంటి చేయి. కోస్తా మనిషి కాబట్టి ఫ్యాక్షన్ అంటే ఆయనకు భయం, ఆ భయం వెనక ఒక సరదా. బాంబు దెబ్బతిన్న రోగి ఎవరైనా వస్తే కాఫీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చెప్పించుకునేవారు. బయట క్యూలో జనం విసుక్కునేవాళ్లు.

ఆయన చేత ఎక్కువ కాఫీ తెప్పించిన మనిషి ఓబులేసు. తొండూరు దగ్గర ఒక పల్లె. గొర్రెలు మేపే కుటుంబం, బోరు పడ్డాక చీనీ తోట, అంటే బత్తాయి తోట కూడా పెట్టారు. అతని పెదనాయన గంగన్న ఆ చుట్టుపక్కల ఒక పార్టీకి పెద్ద. ఓబులేసు నల్లద్దాలు తీస్తే ఎడమవైపు కన్ను లేదు, రెప్ప లోపలికి పడిపోయిన గుంట ఉంది. ఎదుటి పార్టీ పెద్ద నాగప్ప. అతని మనుషులు పులివెందుల దారిలో జీపు మీద బాంబులు వేసినప్పుడు ఆ కన్ను పోయిందని అందరికీ తెలుసు. బాంబుకన్ను ఓబులేసు అంటేనే పల్లెల్లో గుర్తుపట్టేవాళ్లు. రాబోయే సర్పంచి ఎన్నికలకు పెదనాయన అతన్నే నిలబెడుతున్నాడు. ప్రచారమంతా ఆ కన్నే.

ఆ రోజు అతను వచ్చింది తన కోసం కాదు. ఇంకా మాటలు రాని కూతురు చిట్టిని భార్య రాజమ్మ చంకన ఎత్తుకుని ఉంది. రాజమ్మ మళ్లీ కడుపుతో ఉంది. పాప కుడి కంట్లో నల్లగా ఉండవలసిన చోట వెలుతురు పడితే తెల్లగా, పిల్లికన్నులా మెరుస్తోంది. రంగనాథం గారు చూడగానే గుర్తుపట్టారు. కంటి వెనక పొరలో పుట్టే క్యాన్సర్ అది, పసిపిల్లలకే వస్తుంది. అప్పటికే కన్నంతా నిండిపోయింది. ఆ కన్ను తీసేస్తేనే పాప బతుకుతుంది. తీశారు, చాలా చక్కగా తీశారు. ఏడ్చి గింజుకుంటున్న పాపను తల్లి చేత పట్టించి రెండో కన్ను కూడా చూసి, బాగానే ఉంది, ఇక భయం లేదన్నారు.

ఆ కన్ను సీసాలో నా దగ్గరికి వచ్చింది. మైక్రోస్కోపు కింద కణాలు పువ్వు రేకుల్లా గుండ్రంగా చేరి కనిపించాయి. కంటి పొర కావాలని బయలుదేరి, మధ్యలో పని మరిచిపోయి, పెరగడం ఒక్కటే గుర్తుపెట్టుకున్న కణాలవి. మీకు తెలుసో లేదో, కంటి వెనక పొర నిజానికి మెదడులో భాగమే. తల్లి కడుపులో మెదడు తయారయ్యేటప్పుడు అందులోంచి ఒక మొగ్గ ముందుకొచ్చి కన్నవుతుంది. అందుకే ఈ క్యాన్సర్ నరం పట్టుకుని వెనక్కి పోతే నేరుగా మెదడుకే పోతుంది.

ఈ జబ్బుకు మూలం ఆగమని చెప్పే జన్యువు ఒకటి. అలాంటివి ప్రతి కణంలో రెండుంటాయి, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. రెండూ చెడితేనే కణం అదుపు తప్పుతుంది. కొందరు పిల్లల్లో దురదృష్టం కొద్దీ ఒకే కణంలో రెండూ చెడతాయి. అప్పుడు ఒక కన్నుతో పోతుంది. కొందరు పిల్లలు మాత్రం ఒకటి చెడిపోయే పుడతారు, చాలాసార్లు అది తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. అలాంటి పిల్లలకు రెండో కంట్లోనూ రావచ్చు, తర్వాత పుట్టే బిడ్డకూ రావచ్చు. చిట్టి ఏ రకమో తేలితే గాని ఆ ఇంటిని వదిలిపెట్టకూడదు.

"ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు కన్ను తీశారేమో కనుక్కున్నారా సార్?" అని అడిగాను.

"కనుక్కున్నానమ్మా. ఎవరికీ లేదు" అన్నారు రంగనాథం గారు.

"తండ్రికి ఒక కన్ను లేదు కదా."

"అది బాంబు. జిల్లా మొత్తానికి తెలిసిన సంగతి నాకు చెబుతావేంటి?"

జిల్లా మొత్తానికి తెలిసిన సంగతి అంటే నాకు అప్పుడే అనుమానం మొదలవుతుంది.

ఎముక చెప్పిన సాక్ష్యం

పాపకు కట్టు మార్చడానికి వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఓబులేసును ఒక్కడినే ల్యాబులోకి పిలిచాను. అద్దాలు తీయమన్నాను. నాటుబాంబు దెబ్బలు నేను చాలా చూశాను. వాటిలో మేకులు, గాజుపెంకులు ఉంటాయి. చర్మంలోకి మందు దూరి నల్లటి చుక్కలు శాశ్వతంగా మిగులుతాయి. ఓబులేసు రెప్ప మీద గీత కూడా లేదు. కనుబొమ్మ వెంట్రుక చెదరలేదు. బాంబుకు అంత ఓపిక ఎక్కడిది?

రెండు బొటనవేళ్లతో అతని రెండు కంటిగుంటల అంచులూ తడిమి చూశాను. ఎడమ గుంట చిన్నది. పిల్లల్లో కన్ను పెరుగుతుంటే దాని చుట్టూ ఎముక కూడా పెరుగుతుంది. కన్ను పసితనంలోనే తీసేస్తే ఆ గుంట వెనకబడిపోతుంది. పెద్దయ్యాక పోయిన కన్నుకు ఇలా జరగదు.

"ఓబులేసప్పా, ఈ కన్ను నీకు పాలు తాగే వయసులో తీసినారు" అన్నాను.

అతను లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"ఎవురు చెప్పినారు నీకు? మా అమ్మ చెప్పిందా?"

"నీ ఎముక చెప్పింది."

"మెల్లగా మాట్లాడు మేడం. బయట మా వాండ్లు ఉండారు."

ఆ తర్వాత మెల్లగానే చెప్పుకొచ్చాడు. పసివాడుగా ఉన్నప్పుడు కంట్లో తెల్లగా కనిపిస్తే తల్లి కదిరమ్మ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కన్ను తీశారు. ఆమె అద్దంకన్ను పెట్టించి, పెండ్లిమర్రి దగ్గర తన పుట్టింట్లోనే అతన్ని పెంచింది. ఎవరైనా అడిగితే మెల్లకన్ను అనేది. మీసాలు వచ్చాకే ఓబులేసు తండ్రి ఊరికి చేరాడు. అక్కడ ఎవరికీ సంగతి తెలియదు.

"మరి బాంబు?" అన్నాను.

"బాంబు నిజమే మేడం. జీపు ఎనక టైరు కాడ పడింది. నేను ఎగిరి రోడ్డు మీద పడినా. దెబ్బలేం తగల్లేదు గానీ అద్దంకన్ను యాడనో జారిపోయింది. పొగలో ఏం కనపడదు. మోకాళ్ల మీద పాకతా కంకరలో ఎతుకుతాండా. పోగొట్టుకుంటే మా అమ్మ తిడతాదని భయం. ఆలోపల మా వాండ్లు వచ్చి నా మొగం చూసినారు. 'సామీ, కన్ను పోయి కన్నే ఎతుక్కుంటాండాడు రా' అని ఒకటే ఏడుపు. చెబుదామని నోరు తెరిచే లోపల నన్ను భుజాల మీదికి ఎత్తేసినారు."

నవ్వు దాచుకోవడానికి మైక్రోస్కోపులోకి చూశాను. అందులో స్లయిడ్ లేదు.

"దించినాంక చెప్పొచ్చు గదప్పా?"

"దించితే గదా మేడం. ఇప్పటికీ దించలా."

పోలీసు కేసు నడిచినప్పుడు నాగప్ప ఎందుకు ఊరుకున్నాడని అడిగాను. ఆ కేసులో సాక్ష్యం లేక ఎవరికీ శిక్ష పడలేదట. నాగప్ప మాత్రం కన్ను తీయలేదని ఎక్కడా అనలేదట. ఆ పేరు అతనికీ బాగానే పనికొచ్చింది.

రెండు కట్లు

నవ్వులాట అక్కడితో అయిపోయింది. అతనికి అర్థమయ్యేలా చెప్పాలి.

"మీ గొర్రెల దొడ్డి తడికకు ఎన్ని కట్లు కడతారు?" అని అడిగాను.

"పైన ఒకటి, కింద ఒకటి."

"ఒకటి తెగితే?"

"రెండోది పట్టుకుంటాది."

"రెండూ తెగితే?"

"గొర్రెలన్నీ పక్కోని చేన్లో పడతాయి. ఇంగ కొట్లాటే."

"కంటి పొరలో ఒక్కొక్క కణం ఒక్కొక్క దొడ్డి అనుకో. అందరూ రెండు కట్లతో పుడతారు. నువ్వు ఒక్క కట్టుతో పుట్టినావు. నీ ఒంట్లో అన్ని దొడ్లకూ ఒకటే కట్టు. బిడ్డ పెరిగే వయసులో ఆ కణాలు గబగబా పుడతాంటాయి. ఆ తొక్కిడిలో యాడో ఒక దొడ్డికి ఉన్న ఆ ఒక్కటీ తెగుతాది. చిట్టికి అదే వచ్చింది, నీ నుంచి. ఒక కంట్లో తెగింది. రెండో కంట్లో తెగలేదని చెప్పేదానికి, ఏడ్చే బిడ్డను పట్టుకోని చూస్తే చాలదు. మద్రాసులో మత్తిచ్చి మూలమూలా చూడాల. పెద్దయ్యేదాకా చూపిస్తానే ఉండాల. చిన్న మచ్చగా ఉన్నప్పుడే దొరికితే వెలుగుతో కాలుస్తారు, చలితో చంపుతారు, కన్ను మిగులుతాది. ఆలస్యమైతే ఆ కన్నూ తీయాల. ఇంకా ఆలస్యమైతే బిడ్డే దక్కదు."

"రాజమ్మ కడుపులో బిడ్డకు?" అన్నాడు ఓబులేసు.

"రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం."

"ఎలక్షన్ అయిపోనీ మేడం. మరుసటి దినమే మద్రాసు పోతాం."

నాకు ఒళ్లు మండింది. "ఆ గడ్డకు పోలింగు తేదీ ఎవురు చెప్పినారప్పా?" అన్నాను.

అతనికి కోపం రాలేదు. తల వంచుకుని తన కష్టం చెప్పాడు. జీపు పెదనాయనది. వెంట వచ్చే మనుషులు పెదనాయన మనుషులు. వాళ్లు లేకుండా పులివెందుల దాటితే నాగప్ప వాళ్లు ఏం చేస్తారో తెలియదు. ఎన్నికలయ్యే దాకా ఊరు కదలొద్దని పెదనాయన చెప్పేశాడు. కన్ను సంగతి బయటపెడితే పార్టీ పరువు పోతుంది. తల్లి కదిరమ్మ అయితే, నోరు తెరిస్తే బావిలో దూకుతానంది.

తలుపు తీసి రాజమ్మను లోపలికి పిలిచాను. పాపకు ఇది ఎందుకు వచ్చిందని అనుకుంటున్నావని అడిగాను. ఆమె తల ఎత్తలేదు.

"గ్రహణం నాడు దోసకాయ కోసినా మేడం. మా అత్త వద్దంటానే ఉండె. నా బిడ్డ కన్ను నేనే తీసినా" అంది.

ఓబులేసు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ క్షణంలో అతని మీద నాకు జాలి కూడా మిగల్లేదు. "నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అని అతన్నే అడిగాను. "నేనే చెప్తా మేడం. కొంచెం టైమియ్యి" అన్నాడు. మాటలో నిజం కనిపించి ఊరుకున్నాను. ఇంటికి పోయాక మాత్రం అన్నం సయించలేదు.

ఈ లోపల రంగనాథం గారికి సంగతి చెప్పాను. మొదట కొట్టిపారేశారు. తర్వాత తన కంటిగుంటల అంచులు తానే బొటనవేళ్లతో తడుముకుంటూ కాసేపు కూర్చున్నారు. "అన్ని కాఫీలూ దండగేనన్నమాట" అన్నారు. ఆ వెంటనే మద్రాసు డాక్టరుకు ఫోన్ చేసి, తను పొరబడ్డానని మొదటి మాటే చెప్పి, పాప వస్తే చూడమన్నారు. తనకంటే చిన్నదాని మాట మీద అంత త్వరగా దిగొచ్చిన పెద్దను నేను మళ్లీ చూడలేదు. మీకు అలాంటివాడు దొరికితే జీతం తక్కువైనా అక్కడే ఉండండి.

పనికిరానివాడు

ఒక ఉదయం ల్యాబు తెరిచేసరికి మెట్ల మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. జీపు లేదు, మనుషులు లేరు, ఒక బట్టల మూట ఉంది. ఓబులేసు ముఖాన నల్లద్దాలు లేవు.

"మద్రాసు పోతాండాం మేడం. చీటీ రాసియ్యమను సార్‌ను" అన్నాడు.

పెదనాయన ఎలా వదిలాడని అడిగాను.

"నిన్న మీటింగు పెట్టినారు. 'మన కోసం కన్నిచ్చినోడు' అని నన్ను నిలబెట్టినాడు. జనం చప్పట్లు. అంతవరకూ ఓర్చుకున్నా. అంతట్లో చిట్టిని పైకెత్తి, కంటి గుడ్డ చూపించి, 'ఈ పసిబిడ్డ కన్ను కూడా నాగప్ప చేతబడే తీసింది' అన్నాడు. బిడ్డ బెదిరి ఏడ్చింది. ఇంగ నాకు తట్టుకోలేక మైకు తీసుకున్నా."

"ఏమన్నావు?"

"నా కన్ను ఎవురూ తీయలా అన్నా. బాంబు పడే పొద్దుకు నాకుండేది అద్దంకన్ను అన్నా. గడ్డ వస్తే పాలు తాగేటప్పుడే తీసినారు, నా బిడ్డకొచ్చింది నా నుంచే. నాగప్ప చేయలేదు, గ్రహణం చేయలేదు, నా పెండ్లాము కోసిన దోసకాయా చేయలేదు అన్నా."

"జనం?"

"ఎవురూ మాట్లాడలా. మైకొక్కటే కుయ్యిమని అరిచింది. పెదనాయన దాన్ని లాక్కోని, వీనికి మతి పోయిందన్నాడు. పొద్దుగూకే లోపల ఇంగొకన్ని నిలబెట్టినాడు. పనికిరానోన్ని ఎవురు ఆపుతారు మేడం? తెల్లారే బస్సెక్కినాం."

అతను చీటీ కోసం రంగనాథం గారి గదికి వెళ్లాక మిగతాది రాజమ్మ చెప్పింది. పులివెందుల బస్టాండులో నాగప్ప తన మనుషులతో ఎదురొచ్చాడట. రాజమ్మ చిట్టిని కొంగు కింద దాచుకుని దేవుళ్లందరినీ తలుచుకుంటోంది. నాగప్ప దగ్గరికి వచ్చి, ఓబులేసును పైకీ కిందికీ చూశాడు.

"ఏమప్పా, ఓబులేసు కన్ను తీసినోడని ఇన్నేండ్లు నాకొక పేరుండె. పేరు చెప్తే పిల్లోళ్లు అన్నం తింటాండ్రి. ఒక్క మాటతో తీసేస్తివి గదా" అన్నాడట. ఆ తర్వాత పాపకు అరటిపండ్లు కొనిచ్చి, బస్సు బయలుదేరే దాకా మెట్టు దగ్గరే నిలబడ్డాడట. చెబుతూ చెబుతూ రాజమ్మ నవ్వేసింది. ఆమె నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

నవ్వు ఆగాక నా దగ్గరికి జరిగి, చిన్న గొంతుతో అడిగింది. "అయితే నేను చేసిందేం లేదు గదా మేడం?"

"ఏం లేదు తల్లీ."

"గ్రహణం?"

"అది ఆకాశంలో వచ్చింది, ఆకాశంలోనే పోయింది."

ఆమె నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముక్కలను మాత్రమే చూసే డాక్టరు ఏడవకూడదని మనకెవరూ చెప్పలేదు.

వరండాలో

మద్రాసులో చిట్టి రెండో కంట్లో రెండు చిన్న మచ్చలు దొరికాయి. ఎన్నికలయ్యాక పోయుంటే ఆ కన్ను దక్కేది కాదని అక్కడి డాక్టరు చెప్పాడు. చలితో వాటిని చంపారు. పెద్దయ్యేదాకా చూపిస్తూనే ఉన్నారు, అప్పుడప్పుడు కొత్త మచ్చ వస్తే దాన్నీ చంపారు. చిట్టి ఆ కన్నుతోనే చదువుకుంది. అప్పుడు రాజమ్మ కడుపులో ఉన్న మగబిడ్డకు ఒక కంట్లో ఆవగింజంత మచ్చ వాడు పుట్టిన కొద్ది రోజులకే దొరికింది. వాడికి ఈనాటికీ రెండు కళ్లూ ఉన్నాయి. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను ముగించాలనుకున్నది వాడిని మొదటిసారి తెచ్చిన రోజుతో.

ఆ రోజు వరండాలో పెద్దగా మాటలు వినిపించి బయటికి వచ్చాను. క్యూ నిండా తల్లులు, పిల్లలు. వాళ్ల మధ్య ఒక ముసలామె పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన రాజమ్మ. కొడుకు నోరు తెరిస్తే బావిలో దూకుతానన్న కదిరమ్మ ఈమేనని అప్పుడు తెలిసింది. మైకు సంగతి తర్వాత చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదట. ఊళ్లో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, ఆ కాలంలో అంత పని ఎట్లా చేసినావని అడగడం మొదలుపెట్టాక మెత్తబడిందని రాజమ్మ చెప్పింది. ఇప్పుడు ఎవరూ అడగకుండానే చెబుతోంది.

"నా కొడుకు కన్ను బాంబు తీయలేదమ్మా, నేను తీయించినా. మా పుట్టింట్లో మొగోళ్లంతా వద్దన్నారు. ఒంటికన్ను మొగబిడ్డ యాల, పోతే పోనీ, ఇంగొకన్ని కందువులే అన్నారు. చెప్పకుండా ఎత్తుకోని జమ్మలమడుగుకు పోయినా. కన్ను తీస్తే బతుకుతాడన్నారు. తీయండి అన్నా. నేనే ఏలుముద్ర ఏసినా. ఎవురితోనూ చెప్పుకోలేదు, నామోషీ అనుకున్నా. ఊరంతా నా కొడుకు కన్ను నాగప్ప తీసినాడంటాంటే నేనూ అదే అంటి. నా బిడ్డను నేను బతికించుకుంటినని ఒక్కరికీ చెప్పుకోలేదమ్మా."

క్యూ చివర ఒక పడుచుపిల్ల చంటిబిడ్డను గుండెకు అదుముకుని లేచి ముందుకు వచ్చింది.

"అవ్వా, నా బిడ్డకూ దీపం కాడ కన్ను తెల్లగా కనపడతాది. కన్ను నలత అని చెప్పి వచ్చినా, ఈ తెలుపు సంగతి ఇంట్లో ఎవురికీ చెప్పలా."

"యా ఊరమ్మా మీది?" అంది కదిరమ్మ.

ఆ పిల్ల కాసేపు తటపటాయించి నాగప్ప ఊరి పేరు చెప్పింది.

వరండాలో కొన్ని తలలు ఇటు తిరిగాయి. కదిరమ్మ తన మనవడిని రాజమ్మ చేతిలో పెట్టి లేచింది. ఆ పిల్ల చేయి పట్టుకుని క్యూ అందరినీ దాటించి, నన్ను పక్కకు జరిపి, నేరుగా రంగనాథం గారి గదిలోకి తీసుకుపోయింది.

"మా వాడు తర్వాత. ఈ బిడ్డను ముందు చూడండి" అంది.